కెమెరా మెనూలో ఏది మారిస్తే రా ఫైల్ నిజంగా మారుతుంది: కెనాన్ 700డి తో ప్రాజెక్టు డైరీ

"రా లో తియ్యి, మెనూలో ఏం పెట్టినా పర్లేదు, ఎడిటింగ్‌లో చూస్కోవచ్చు." పెళ్లిళ్లకి కెమెరా పట్టుకెళ్లే ప్రతివాడూ అనే మాట ఇది, సగం నిజమే. ఆ సగం ఏదో అంకెల్లో తేల్చాలని ఈ లాగ్. రా అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు రాసే ఫైల్, జేపెగ్ అంటే కెమెరా రంగులూ వెలుగూ సర్ది తయారుచేసిన ఫోటో. మీ దగ్గర వేరే బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) ఉన్నా పద్ధతి ఇదే పని చేస్తుంది, అంకెలు మాత్రం మీవి మీరు కొలుచుకోండి.

సామాను

బాడీ కెనాన్ 700డి, 18 మెగాపిక్సెల్, రా 14 బిట్. లెన్స్ 50 ఎంఎం 1.8. ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్. కొలవడానికి రాడిగ్గర్, ఇది సెన్సర్ ఇచ్చిన అంకెల్ని రంగులు కలపకముందు, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దడం) వెయ్యకముందు ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. ఫైల్‌లో కెమెరా ఏం రాసిపెట్టిందో చూడ్డానికి ఎగ్జిఫ్‌టూల్. ఎడిటింగ్‌కి డార్క్‌టేబుల్, రాథెరపీ. రాడిగ్గర్ తప్ప మిగతా మూడూ ఫ్రీ.

బల్ల మీద పెట్టినవి: గ్రే కార్డు (కొలతకి వాడే బూడిద రంగు అట్ట), తెల్ల పంచె ముక్క, నల్ల గుడ్డ, ఒక గిన్నెలో కుంకుమ, ఇంకో గిన్నెలో పసుపు. కుంకుమ ఎందుకో స్టేజ్ 4 లో తెలుస్తుంది.

స్టేజ్ 1: లైటు స్థిరంగా లేకపోతే కొలతే లేదు

మొదట కిటికీ పక్కన పెట్టా. సెట్టింగులేవీ ముట్టుకోకుండా వరసగా తీసిన ఫ్రేముల్లోనే గ్రే కార్డు మీద పచ్చ (గ్రీన్) ఛానెల్ సగటు పన్నెండు శాతం దాకా అటూ ఇటూ ఊగింది, మబ్బు వస్తూ పోతూ ఉంది అంతే, కంటికి ఏమాత్రం తెలీదు. ఈ ఊగుడులో మెనూ వల్ల వచ్చే తేడా పట్టుకోవడం కుదరని పని.

తర్వాత రాత్రి పూట, తలుపులు కిటికీలు వేసి ఎల్ఈడీ బల్బు కింద పెట్టా. ఇంకా ఘోరం. 1/200 లో తీస్తే ఒక ఫ్రేము వెలుగు, ఒక ఫ్రేము చీకటి, కొన్నింట్లో అడ్డంగా చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చవక ఎల్ఈడీ సెకనుకి 100 సార్లు కొట్టుకుంటుంది, 1/200 షట్టరుకి ఆ కొట్టుకోవడంలో సగమే దొరుకుతుంది, ఏ సగం దొరికితే ఆ వెలుగు.

మార్చినవి, ఎందుకు మార్చానో:

1. షట్టర్ 1/10 కి తెచ్చా. ప్రతి ఫ్రేములో పూర్తిగా పది కొట్టుకోళ్లు పడతాయి కాబట్టి సగటు నిలబడుతుంది.
2. బల్బు వేసి ఇరవై నిమిషాలు ఆగి మొదలుపెట్టా. ఎల్ఈడీ వేడెక్కే కొద్దీ వెలుగు తగ్గుతుంది, ఆ తగ్గడం ఆగేదాకా కొలవకూడదు.
3. ఎపర్చర్ పూర్తిగా తెరిచి 1.8 లో ఉంచా. ఎఫ్ 8 లో అయితే బ్లేడ్లు ప్రతి ఫ్రేముకీ మూసుకుని తెరుచుకుంటాయి, ప్రతిసారీ సరిగ్గా అక్కడికే వచ్చి ఆగవు. టైమ్‌లాప్స్ వాళ్లకి ఈ బాధ బాగా తెలుసు.
4. వెలుగు ఎక్కువైంది కాబట్టి బల్బుని దూరంగా గోడ వైపు తిప్పి, గోడ మీద పడి తిరిగొచ్చే లైటు వాడా.

ఇప్పుడు వరస ఫ్రేముల మధ్య తేడా ఒక శాతం లోపు. మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్లినప్పుడు వెలుగు మారిపోయింది, ఆ సెట్ మొత్తం పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి తీశా. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఫ్యాన్ చప్పుడు మారిందేమో ఓ చెవి వేసి ఉంచండి.

బేస్ కొలత (ఐఎస్ఓ, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే అంకె, 100 లో; నలుపు లెవెల్ తీసేశాక, గ్రే కార్డు, పచ్చ ఛానెల్): 3,120. నా బాడీలో నలుపు లెవెల్ (అసలు వెలుగు లేకపోయినా వచ్చే అంకె) సుమారు 2,048, అది తీసేశాక పిక్సెల్ పూర్తిగా నిండిపోయే హద్దు 13,200 దగ్గర వచ్చింది. ఇక మీదట ప్రతి అంకెనీ ఈ 3,120, 13,200 లతో పోల్చుకోండి.

స్టేజ్ 2: లేబుల్ మాత్రమే అయినవి

లేబుల్ అంటే రా అంకెల్ని ముట్టుకోకుండా ఫైల్‌లో కెమెరా రాసిపెట్టే చీటీ. ఒక్కో సెట్టింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి మార్చడం, మూడు ఫ్రేములు తియ్యడం, సగటు చూడ్డం. సగటు ఒక్కటే చూస్తే చాలదు, నాయిస్ రిడక్షన్ లాంటివి సగటుని కదపకుండానే పిక్సెళ్లని నున్నగా చేసెయ్యగలవు, కాబట్టి స్టాండర్డ్ డీవియేషన్ (పిక్సెళ్ల అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో, అంటే నాయిస్ ఎంతో చెప్పేది) కూడా రాసుకోవాలి. రాడిగ్గర్‌లో చోటు సెలెక్ట్ చేస్తే రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

పిక్చర్ స్టైల్: స్టాండర్డ్, ల్యాండ్‌స్కేప్, న్యూట్రల్, మోనోక్రోమ్. 3,118 నుంచి 3,127 మధ్య. ఏమీ లేదు. మోనోక్రోమ్‌లో తీసిన ఫైల్ డార్క్‌టేబుల్‌లో మొదట నలుపు తెలుపులో కనిపించి, ఓపెన్ చెయ్యగానే రంగులొచ్చేస్తుంది. మొదట కనిపించింది రా ఫైల్ లోపల కెమెరా దాచిన జేపెగ్. ఈ జేపెగ్ సంగతి గుర్తుపెట్టుకోండి, అసలు గొడవంతా దీంతోనే.

వైట్ బ్యాలెన్స్, దాని షిఫ్ట్: అంకెలు కదల్లేదు. ఎగ్జిఫ్‌టూల్‌లో చూస్తే గుణకాలు మాత్రం మారాయి. డేలైట్‌లో పచ్చ 1024 అయితే ఎరుపు దాదాపు 2,150, నీలం 1,600 పైన. అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎరుపుని 2.1 తో హెచ్చవేసుకోవాలని కెమెరా చీటీ రాసి పెట్టింది, హెచ్చవెయ్యలేదు.

కలర్ స్పేస్: ఎస్ఆర్‌జీబీ అయినా అడోబీ ఆర్‌జీబీ అయినా అవే అంకెలు. ఫైల్ పేరు మాత్రం మారుతుంది, అడోబీ పెడితే కెనాన్ వాడు పేరుని అండర్‌స్కోర్‌తో మొదలుపెడతాడు. రెండు బాడీల ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో వేసి పేరు ప్రకారం పేర్చేవాళ్లకి ఇదో తలనొప్పి, అంతకు మించి రా కి సంబంధం లేదు.

ఆటో లైటింగ్ ఆప్టిమైజర్: రా లో తేడా లేదు. లెన్స్ మూలల చీకటి సరిదిద్దే ఆప్షన్: మూలలో చదరం తీసుకుని కొలిచా, లేదు. క్రోమాటిక్ ఎబరేషన్ సరిదిద్దేది: లేదు.

హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్: దీని కోసం ఐఎస్ఓ 6400 కి వెళ్లా. ఆఫ్‌లో, స్ట్రాంగ్‌లో స్టాండర్డ్ డీవియేషన్ ఒకటే, తేడా ఒక శాతం లోపు. జేపెగ్‌లో మాత్రం మైనం పూసినట్టు నున్నగా అయింది.

లైవ్ వ్యూలో 16:9 ఆస్పెక్ట్ రేషియో: రా మొత్తం 3:2 గానే ఉంది, కోత గీతలు లేబుల్‌గా రాసింది.

ఇప్పటిదాకా లెక్క: లేబుల్ మాత్రమే 9. డేటాని ముట్టుకున్నవి 0. దొంగచాటువి (పైకి లేబుల్‌లా ఉండి ఎక్స్‌పోజర్‌ని, అంటే రా లోకి వెళ్లే వెలుగుని, మార్చేసేవి) 0.

ఒక మాట, కెనాన్ సొంత సాఫ్ట్‌వేర్ డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్‌లో తెరిస్తే ఈ లేబుళ్లన్నీ పాటించి కెమెరా స్క్రీన్ మీద చూసినట్టే చూపిస్తుంది. డార్క్‌టేబుల్ వైట్ బ్యాలెన్స్ ఒక్కటి తీసుకుని మిగతావి వదిలేస్తుంది. అందుకే "కెమెరాలో బాగుంది, సిస్టమ్‌లో వేస్తే చప్పగా ఉంది" అంటారు జనాలు, ఫైల్ మారలేదు, చదివేవాడు మారాడు.

స్టేజ్ 3: దొంగచాటువి

హైలైట్ టోన్ ప్రయారిటీ. బాగా వెలుగున్న చోట్లు కాలిపోకుండా కాపాడే ఆప్షన్. కస్టమ్ ఫంక్షన్లలో ఉంటుంది, ఆన్ చేస్తే వ్యూఫైండర్‌లో డి ప్లస్ అని వస్తుంది, ఐఎస్ఓ 100 మాయమై 200 నుంచి మొదలవుతుంది. ఆ 100 ఎందుకు మాయమైందన్నదే కీలకం.

మాన్యువల్‌లో, షట్టర్ ఎపర్చర్ కదపకుండా:

ఐఎస్ఓ 100 మామూలు: 3,120
ఐఎస్ఓ 200 మామూలు: 6,235
ఐఎస్ఓ 200 డి ప్లస్: 3,131

చూశారుగా. పైకి 200 అని చెప్పి లోపల 100 లోనే తీసింది. జేపెగ్‌లో నీడల్నీ మధ్య టోన్లనీ పైకి లేపి 200 లాగా కనిపించేలా చేసింది. మీటర్ కూడా 200 అనే అనుకుంటుంది కాబట్టి ఆటో మోడ్‌లో ఉంటే షట్టర్ ఒక స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) వేగంగా పెడుతుంది, సెన్సర్ మీద సగం వెలుగే పడుతుంది. తెల్ల చీర మీద జరీ గీతలు మిగుల్తాయి, నిజమే, కానీ నల్ల కోటులో నాయిస్ పెరుగుతుంది. ఒక స్టాప్ అండర్‌లో తీసి ఎడిటింగ్‌లో లేపడంతో దీనికి తేడా ఏమీ లేదు, అది నా చేతిలో ఉంటుంది, ఇది కెమెరా చేతిలో ఉంటుంది.

ఎడిటింగ్‌లో ఇంకో చిక్కు. అడోబీ సాఫ్ట్‌వేర్లు ఈ లేబుల్ చూసి తెలీకుండా ఒక స్టాప్ పెంచి చూపిస్తాయి. నేను వాడే డార్క్‌టేబుల్ వెర్షన్‌లో అలాంటిదేం జరగలేదు, ఫైల్ చీకటిగా తెరుచుకుంది. ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌లో చేత్తో ప్లస్ 1 ఇస్తే సరిపోయింది. ఒకే పెళ్లిలో కొన్ని డి ప్లస్‌తో కొన్ని మామూలుగా ఉంటే ఒక ఎడిట్ కాపీ చేసి అన్నింటి మీదా వెయ్యడం కుదరదు, ముందు ఎగ్జిఫ్‌టూల్‌తో వేరు చేసుకోవాలి.

మా బావ నికాన్ కూడా అడిగి తెచ్చి చూశా, వాళ్ల యాక్టివ్ డీ లైటింగ్ కూడా ఇలా వెలుగుల్ని కాపాడే ఆప్షనే. "ఏంటి బావా, యాక్టివ్ డీ లైటింగ్ ఎక్స్‌ట్రా హై లో పెట్టుకుని తిరుగుతున్నావా" అంటే "ఎప్పుడో పెట్టింది, రా కదా, ఏం కాదులే" అన్నాడు. ఎండ పడే గుమ్మానికి గురిపెట్టి ఎపర్చర్ ప్రయారిటీలో చూస్తే ఆఫ్‌లో 1/125 వచ్చిన షట్టర్ ఆన్‌లో 1/160 అయింది, అంటే రా లోకి మూడో వంతు స్టాప్ తక్కువ వెలుగు వెళ్లింది. మాన్యువల్‌లో పెడితే రా అంకెలు మారలేదు.

ఫ్యూజీ వాళ్ల డీఆర్ (డైనమిక్ రేంజ్) 200, డీఆర్ 400 సెట్టింగులు కూడా ఇదే కుటుంబం. బేస్ ఐఎస్ఓ 200 ఉన్న బాడీల్లో డీఆర్ 200 కావాలంటే కనీసం 400, డీఆర్ 400 కావాలంటే 800 పెట్టాలి. బేస్ 160 ఉన్న వాటిల్లో 320, 640. ఆ అంకెలు ఎందుకు రెట్టింపవుతున్నాయో పై మూడు వరసలు చూస్తే అర్థమవుతుంది.

లెక్క: లేబుల్ మాత్రమే 9. దొంగచాటువి, నా బాడీలో 1. డేటాని ముట్టుకున్నవి 0.

స్టేజ్ 4: అబద్ధం చెప్పే హిస్టోగ్రామ్

లేబుళ్లు రా ని ముట్టుకోవు సరే. కానీ కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ (ఎడమ వైపు చీకటి, కుడి వైపు వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్), మిణుకు మిణుకు మని కొట్టుకునే హైలైట్ హెచ్చరిక, రెండూ ఆ లోపలి జేపెగ్ నుంచి వచ్చేవి. వాటిని చూసి మనం ఎక్స్‌పోజర్ మారుస్తాం. అక్కడితో లేబుల్ కాస్తా డేటా అయిపోతుంది.

కుంకుమ గిన్నె ఎండలో పెట్టా, మిట్ట మధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు లేదు. డేలైట్ వైట్ బ్యాలెన్స్, స్టాండర్డ్ స్టైల్. హిస్టోగ్రామ్‌లో ఎరుపు కుడి గోడకి అతుక్కుపోయింది. జేపెగ్‌లో కుంకుమ ఒక ఎర్రటి బిళ్లలా ఉంది, రేణువు కనిపించదు. అదే ఫ్రేము రా లో ఎరుపు సగటు 8,100.

లెక్క వేస్కోండి: 8,100 ని 2.1 తో హెచ్చవేస్తే 17,000. హద్దు 13,200. జేపెగ్ కాలిపోయింది. కానీ రా లో ఉన్నది 8,100 మాత్రమే, ఇంకా 0.7 స్టాప్ ఖాళీ ఉంది. దీన్ని నమ్మి ఒక స్టాప్ తగ్గించి తీసేవాడు ఉత్త పుణ్యానికి ఒక స్టాప్ వెలుగు పారేసుకుంటున్నాడు.

పెంచుకుంటూ పోయి చూశా:

ప్లస్ 1/3: ఎరుపు సగటు 10,200. రా శుభ్రంగా ఉంది.
ప్లస్ 2/3: 12,800 దగ్గర. సగటు హద్దులోపే, కానీ మెరిసే రేణువులు అప్పటికే నిండిపోయాయి.
ప్లస్ 1: పోయింది.

అదే వెలుగులో వైట్ బ్యాలెన్స్ టంగ్‌స్టన్‌కి మారిస్తే ఎరుపు గోడ నుంచి వెనక్కి వచ్చేసింది, ఈసారి పక్కనున్న పంచె మీద నీలం వెళ్లి గోడకి తగిలింది. రా లో ఎరుపు అప్పుడూ 8,100 చుట్టూనే. ఒకే డేటాకి రెండు కథలు.

మందు వెతికే ప్రయత్నంలో మొదట యూనీ డబ్ల్యూబీ. మూడు ఛానెళ్ల గుణకాలు 1 చేసే కస్టమ్ వైట్ బ్యాలెన్స్ ఇది:

1. తెల్ల కాగితాన్ని పూర్తిగా కాలిపోయేలా, అన్ని ఛానెళ్లూ నిండిపోయేలా తియ్యాలి.
2. ఆ ఫ్రేముని కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌గా ఎంచుకోవాలి.
3. ఒక ఫోటో తీసి ఎగ్జిఫ్‌టూల్‌లో గుణకాలు చూడాలి. మూడూ 1024 దగ్గర్లో ఉంటే సరే.

హిస్టోగ్రామ్ నిజంగానే రా కి బాగా దగ్గరగా వచ్చింది. కానీ స్క్రీన్ మీద మనుషులంతా పాచి పట్టిన కోనేట్లోంచి లేచొచ్చినట్టు పచ్చగా ఉంటారు. పెళ్లికూతురి అమ్మ "ఏదీ బాబూ ఓసారి చూపించు" అంటే ఏం చూపిస్తాం? ల్యాండ్‌స్కేపులకి, బల్ల మీద వస్తువులకి ఓకే. ఫంక్షన్లకి వద్దు, తీసేశా.

చివరికి నిలిచింది: న్యూట్రల్ స్టైల్, కాంట్రాస్ట్ మైనస్ 4, శాచురేషన్ మైనస్ 2, హిస్టోగ్రామ్ బ్రైట్‌నెస్ కాకుండా ఆర్‌జీబీ. ఇప్పుడు కుంకుమ ప్లస్ 1/3 దగ్గర గోడకి తగుల్తోంది, రా లో అంతకు మించి పెద్దగా చోటు లేదు కూడా. స్క్రీన్ మీద ఫోటో కొంచెం వెలిసినట్టు ఉంటుంది, అయితే మనుషులు మనుషుల్లాగే ఉంటారు.

ఆర్‌జీబీ ఎందుకంటే, బ్రైట్‌నెస్ హిస్టోగ్రామ్‌లో పచ్చదే పెత్తనం. రిసెప్షన్ స్టేజీ మీద ముదురు నీలం ఎల్ఈడీలు వేస్తే అక్కడ నీలం ఛానెల్ ఒక్కటే రా లో కూడా నిజంగా నిండిపోతుంది, బ్రైట్‌నెస్ గ్రాఫ్ మాత్రం ఇంకా చోటుందన్నట్టు మధ్యలో కూర్చుంటుంది. కుంకుమలో హిస్టోగ్రామ్ లేని భయం పెట్టింది, ఇక్కడ ఉన్న భయం దాచింది.

స్టేజ్ 5: ఐఎస్ఓ

"ఐఎస్ఓ కూడా లేబులే, 100 లో తీసి లేపుకోవచ్చు" అనే మాట కొత్త బాడీల నుంచి వచ్చింది. కొన్ని సెన్సర్లకి అది చాలావరకు నిజం. నా 2013 నాటి బాడీకి కాదు, ఇదిగో:

క్యాప్ పెట్టి తీసిన చీకటి ఫ్రేములో స్టాండర్డ్ డీవియేషన్ ఐఎస్ఓ 100 లో 6.6, ఐఎస్ఓ 1600 లో 22. 100 లో తీసింది 1600 అంత వెలుగు రావాలంటే 16 తో హెచ్చవెయ్యాలి, అప్పుడు నాయిస్ 105. అంటే నీడల్లో దాదాపు అయిదు రెట్లు అధ్వానం. అంకె కన్నా కంటికి ఇంకా ఘోరం, ఎందుకంటే ఇది ఇసక చల్లినట్టుండే నాయిస్ కాదు, నిలువు అడ్డం గీతలతో దుప్పటి నేతలా వస్తుంది, ఏ నాయిస్ రిడక్షన్‌కీ సరిగ్గా లొంగదు. నల్ల గుడ్డ మీద నాలుగు స్టాపులు లేపిన ఫ్రేము ప్రింటుకి పనికిరాదు.

కాబట్టి ఈ తరం కెనాన్ ఉన్నవాళ్లు రాత్రి తిరనాళ్లలో ఐఎస్ఓ పెంచే తియ్యండి. ఎక్స్‌పాండెడ్ అని విడిగా ఆన్ చేసుకునే హెచ్ మాత్రం వద్దు, చాలా కెమెరాల్లో అది కింది ఐఎస్ఓ అంకెల్ని హెచ్చవేసి రాసేది, హైలైట్లు పోవడం తప్ప కొత్తగా వచ్చేదేం ఉండదు.

లెక్క: లేబుల్ 9. దొంగచాటు 1. డేటా 1.

స్టేజ్ 6: లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్

పేరులో నాయిస్ రిడక్షన్ అనే ఉంది కానీ స్టేజ్ 2 లో చూసినదానికి దీనికి పోలికే లేదు, ఇది రా ని మారుస్తుంది. 30 సెకన్ల ఫోటో తర్వాత షట్టర్ మూసి ఇంకో 30 సెకన్లు చీకటి ఫ్రేము తీసి, మొదటి దాంట్లోంచి తీసేసి, మిగిలింది ఫైల్‌లో రాస్తుంది.

క్యాప్ పెట్టి మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో 30 సెకన్లు. ఆఫ్‌లో నలుపు మీద 500 దాటిన పిక్సెళ్లు వేలల్లో. ఆన్‌లో పదుల్లో. సెన్సర్ వేడి ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు పెరిగితే ఈ చీకటి కరెంటు (వెలుగు లేకపోయినా సెన్సర్‌లో పుట్టేది) రెట్టింపవుతుంది, కాబట్టి బెజవాడ ఎండాకాలానికి, అరకు చలికాలానికి లెక్కలు వేరు.

ఊరికే రాదు. రెండు ఫ్రేముల నాయిస్ కలుస్తుంది కాబట్టి మచ్చలు లేని చోట మామూలు నాయిస్ 1.4 రెట్లయింది, కొలిస్తే దాదాపు అంతే వచ్చింది. టైము రెట్టింపు. నక్షత్రాల గీతలు తీసేవాళ్లకి మధ్యలో ఖాళీలు పడతాయి, అసలు కుదరదు.

బదులుగా చేసేది:

1. మెనూలో ఆఫ్.
2. షూట్ అయ్యాక సామాను సర్దే ముందే, కెమెరా అదే వేడిలో ఉండగా, క్యాప్ పెట్టి అదే ఐఎస్ఓ అదే టైములో నాలుగైదు ఫ్రేములు. వ్యూఫైండర్‌ మీద గుడ్డ కప్పాలి, వెనక నుంచి వెలుగు దూరుతుంది.
3. రాథెరపీలో రా ట్యాబ్‌లో డార్క్ ఫ్రేమ్ దగ్గర ఆ ఫైల్ ఇవ్వాలి, ఫోల్డర్ చూపిస్తే సరిపోయేవి అదే ఎంచుకుంటుంది.

ఎక్కువ ఫ్రేముల సగటు తీసేస్తుంది కాబట్టి ఆ 1.4 రెట్ల నాయిస్ కూడా బాగా తగ్గింది.

లెక్క: లేబుల్ 9. దొంగచాటు 1. డేటా 2.

ఇప్పుడు కెమెరాలో ఉన్నవి

న్యూట్రల్, పైన చెప్పిన కాంట్రాస్ట్, శాచురేషన్. హైలైట్ టోన్ ప్రయారిటీ ఆఫ్. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్. ఎస్ఆర్‌జీబీ.

వైట్ బ్యాలెన్స్ మాత్రం ఆటోలో వదల్లేదు. అది లేబులే, కానీ ఆటోలో ప్రతి ఫ్రేముకీ ఒక కొత్త లేబుల్ రాస్తుంది, మంటపంలో ఒకే లైటు కింద తీసిన తలంబ్రాల ఫోటోలు ఒకటి పసుపుగా ఒకటి నీలంగా తెరుచుకుంటాయి, వాటిని ఒక దారికి తేవడానికి ఎడిటింగ్‌లో గంటలు పోతాయి. ఈ బాడీలో కెల్విన్ అంకె పెట్టుకునే వీలు లేదు, అందుకని మంటపం లైట్లు వెయ్యగానే గ్రే కార్డు ఒక ఫ్రేము తీసి కస్టమ్ పెట్టేస్తున్నా. లైట్లవాడు మధ్యలో రంగు మార్చినప్పుడు మళ్లీ ఒకటి.

మిగిలింది: ఎలక్ట్రానిక్ షట్టర్. కొన్ని మిర్రర్‌లెస్ బాడీల్లో సైలెంట్ మోడ్ పెడితే రా 14 బిట్ నుంచి 12 కి పడిపోతుంది, పాత సోనీ ఏ7 ల్లో కంప్రెస్డ్ రా తో వరస షాట్లు తీసినా అంతే. 700డి లో ఆ మోడ్ లేదు. ఎవరి దగ్గరన్నా బాడీ అరువు దొరికితే అదే బల్బు, అదే గోడ, 1/10 తో ఆ స్టేజ్ కింద కలుపుతా.